రిపోర్టులన్నీ నార్మల్, రక్తం మాత్రం మళ్లీ కారుతోంది!

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మాది మేనరికం. బాబుకు రెండేళ్లు. పుట్టినప్పుడు బొడ్డు దగ్గర చాలా రోజులు రక్తం కారింది. మొన్న పడి పెదవి చిట్లితే అప్పటికి ఆగింది, మర్నాడు మళ్లీ మొదలైంది. ప్లేట్‌లెట్లు, పీటీ, ఏపీటీటీ నార్మల్. జీన్ టెస్ట్ చేయించమంటున్నారు. అవసరమా? రెండో బిడ్డకూ వస్తుందా? టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా

జవాబు: బొడ్డు దగ్గర రక్తం, ఆగినట్టే ఆగి మర్నాడు కారడం, పైగా మేనరికం. ఇవన్నీ కలిపి చూస్తే ఫ్యాక్టర్ 13 (రక్తపు గడ్డను గట్టిపరిచే ప్రొటీన్) లోపమేమోనని అనుమానించాలి. ఇది చాలా అరుదు. పీటీ, ఏపీటీటీ పరీక్షలు రక్తం గడ్డకట్టే వరకే చూస్తాయి. ఫ్యాక్టర్ 13 పని ఆ తర్వాతే. అది లేకపోతే గడ్డ సిమెంటు లేకుండా పేర్చిన ఇటుకల్లా ఉంటుంది, కాసేపటికి విడిపోతుంది. అందుకే మీ రిపోర్టులు నార్మల్.

జీన్ టెస్ట్ కంటే ముందు ఫ్యాక్టర్ 13 ఎంత శాతం ఉందో కొలిపించండి. బాబుకు ప్లాస్మా గానీ రక్తం గానీ ఎక్కించకముందే శాంపిల్ తీయాలి. లేకపోతే దాత ఫ్యాక్టర్ కలిసి లెక్క తప్పుతుంది.

లోపం తేలితే అప్పుడు జీన్ టెస్ట్. ఎక్కువ మందిలో తేడా ఆరో క్రోమోజోమ్ మీది ఎఫ్13ఏ1 జీన్‌లో ఉంటుంది. రిపోర్టులో ఒక్కోసారి ‘అర్థం తేలని మార్పు’ అని వస్తుంది, కంగారు పడకండి. మీ ఇద్దరి రక్తమూ పరీక్షిస్తే చాలాసార్లు కొంత స్పష్టత వస్తుంది. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, ముగ్గురూ కలిసే వెళ్లండి.

బాబు చికిత్స ఈ రిపోర్టు కోసం ఆగక్కర్లేదు. దాని అసలు ఉపయోగం రెండో బిడ్డ విషయంలో. మీరిద్దరూ క్యారియర్లయితే, అంటే జబ్బు లేకున్నా చెడిన జీన్ ఒక్కొక్కటి మోస్తుంటే, ప్రతి కాన్పుకూ 25 శాతం రిస్క్, మగబిడ్డయినా ఆడబిడ్డయినా అంతే. ‘ఒకరికి వచ్చింది, ఇక మిగతా ముగ్గురికి రాదు’ అనే లెక్క తప్పు. జీన్‌లో మార్పు ముందే తెలిస్తే గర్భం 11–13 వారాల్లోనే పరీక్షించవచ్చు. అన్నట్టు, ‘కోడలి వైపు నుంచి వచ్చింది’ అనే మాట ఇంట్లో వినిపిస్తే ఒప్పుకోకండి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు జీన్లూ చెడితేనే ఈ జబ్బు.

ఈ ఫ్యాక్టర్ ఒంట్లో చాలా రోజులు నిలుస్తుంది. అందుకే సాధారణంగా నాలుగు వారాలకోసారి ఫ్యాక్టర్ 13 ఇంజెక్షన్, అది దొరక్కపోతే బ్లడ్ బ్యాంకు క్రయోప్రెసిపిటేట్ (ప్లాస్మా నుంచి తీసే, ఈ ఫ్యాక్టర్ ఉండే భాగం) ఇస్తారు. జ్వరమొస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర తుంటికి సూది వేయించొద్దు. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వద్దు. టీకాలు మానకండి, వేసేవారికి విషయం చెప్పండి. తలకు దెబ్బ తగిలితే బాబు ఆడుకుంటున్నా సరే, తెల్లారేదాకా చూడకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. ఈ జబ్బులో మెదడులో రక్తస్రావమే అన్నిటికన్నా ప్రమాదం.