పాత క్లాస్‌మేట్‌కి మెసేజ్ పెట్టాలంటే మొహమాటమా?

"ఎమ్మెస్ అయిపోయింది, ఓపీటీ మొదలైంది. బీటెక్ క్లాస్‌మేట్ ఒకడు మంచి కంపెనీలో ఉన్నాడు. ఏళ్లుగా మాటల్లేవు. ఇప్పుడు తన కంపెనీలో నా పేరు సిఫారసు చేయమని రిఫరల్ అడిగితే, అవసరానికి గుర్తొచ్చానా అనుకుంటాడేమో." కొత్తగా అమెరికా వచ్చినవాళ్లు నన్ను తరచూ అడిగే సందేహం ఇది.

అడగండి. ఓపీటీ, అంటే చదువయ్యాక అమెరికాలో పనిచేసుకోవడానికి ఇచ్చే అనుమతి, 12 నెలలు ఉన్నా, అందులో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులే. ఆ పని అనుమతి కార్డు (ఈఏడీ) మీదున్న ప్రారంభ తేదీ నుంచి శని, ఆదివారాలతో సహా లెక్క నడుస్తుంది. ఇందులో మొహమాటానికి కేటాయించే రోజులెక్కడివి?

పైగా ఉద్యోగాల విషయంలో రోజూ కలిసేవాళ్లకన్నా ఇలాంటి పాత పరిచయాలే ఎక్కువ పనికొస్తాయి. మార్క్ గ్రానోవెటర్ అనే సోషియాలజిస్ట్ 1973లో ప్రచురించిన వ్యాసంలో దీని లెక్క ఉంది. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవారిలో, ఆ మనిషిని తరచూ కలిసేవాళ్లమని చెప్పింది 16.7 శాతమే. అప్పుడప్పుడు కలిసేవాళ్లమన్నది 55.6 శాతం, అరుదుగా అన్నది 27.8 శాతం. మీ రూమ్మేట్‌కి తెలిసిన ఓపెనింగులు మీకూ తెలిసే ఉంటాయి కదా. వేరే ఊళ్లో, వేరే కంపెనీలో ఉన్నవాడికి తెలిసినవి వేరు.

ఇక మెసేజ్ ఎలా మొదలుపెట్టాలన్నది అసలు చిక్కు. ఇక్కడ నా క్లాస్‌మేట్ ఒకడి గురించి చెప్పాలి. సి ల్యాబ్‌లో వాడి ప్రోగ్రామ్ జవాబు ప్రతిసారీ కాస్త తేడాగా వస్తుంటే, ప్రింటవుట్ నా ముందు పడేశాడు. లూప్ ఒకసారి ఎక్కువ తిరుగుతోందని చూసి పెన్సిల్‌తో సున్నా చుట్టిచ్చాను. వాడు ఆ కాగితం వంక కాసేపు చూసి, "రాయడం అందరికీ వస్తుంది రా. తప్పు ఎక్కడుందో పట్టడం నీకే వచ్చు, దాన్ని వదలకు" అన్నాడు. అంతే, మళ్లీ తన సీట్లోకి వెళ్లిపోయాడు.

కోడింగ్ రానివాళ్లే టెస్టింగ్‌కి పోతారని అందరూ అంటున్న కాలం అది. నేను టెస్టింగే పట్టుకున్నాను, తర్వాత పెద్ద సిస్టమ్‌లు ఆగిపోతే కారణం వెతికే పనిలోకి వచ్చాను. ఇప్పటికీ అన్నం పెడుతున్నది అదే. చాన్నాళ్లకి ఫోన్ చేసి ఈ సంగతి చెబితే "నేనా? ఎప్పుడన్నాను?" అని పగలబడి నవ్వాడు. ఆ తర్వాత గంటసేపు మాట్లాడుకున్నాం.

అలాంటి మాటన్నవాళ్లు, చిన్న సాయం చేసినవాళ్లు మీ బ్యాచ్‌లోనూ ఉంటారు. నోట్స్ ఇచ్చినవాడు, సెమినార్‌కి ముందు ధైర్యం చెప్పిన అమ్మాయి. మెసేజ్ మొదటి వాక్యంలో దాన్నే రాయండి. "హాయ్, ఎలా ఉన్నావ్, చాలా రోజులైంది" అని మొదలుపెట్టి నాలుగు మెసేజ్‌ల తర్వాత మెల్లగా రెజ్యూమే బయటికి తీయడం ఎవరికైనా తెలిసిపోతుంది, అదే ఎబ్బెట్టు. గుర్తున్నది చెప్పండి, వెంటనే ఏం కావాలో చెప్పండి. జాబ్ లింకు, ఒక పేజీ రెజ్యూమే, ఆ ఉద్యోగానికి మీరెందుకు సరిపోతారో రెండు వాక్యాలు, కుదరకపోతే పర్వాలేదన్న మాట. చాలా కంపెనీల్లో మీరు అప్లై చేసేశాక రిఫరల్ పెట్టనివ్వరు, కాబట్టి ముందే అడగండి.

సాయం పేరుతో మరో రకం ప్రోత్సాహమూ వస్తుంది. "రెజ్యూమేలో మూడేళ్ల అనుభవం పెట్టుకో, అందరూ చేసేదే" అంటారు. అది చెప్పేవాడు ఎంత దగ్గరివాడైనా వినకండి. వీసా దగ్గర జవాబు చెప్పుకోవాల్సింది మీరు.

ఫ్రెండ్ స్టార్టప్‌లో జీతం లేకుండా పనిచేయొచ్చా అని కూడా అడుగుతుంటారు. మొదటి ఓపీటీలో, మీ చదువుకు సంబంధించిన పని వారానికి కనీసం 20 గంటలు చేస్తే, లేబర్ చట్టాలకు అడ్డు రాకపోతే, అది ఉద్యోగం కిందే లెక్క. సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్ చదివినవాళ్లకి ఆ తర్వాత ఇచ్చే 24 నెలల స్టెమ్ పొడిగింపులో మాత్రం ఇది కుదరదు. అక్కడ జీతం ఉండాలి, ఉద్యోగి పని అర్హతను సరిచూసే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ ఈ-వెరిఫైలో కంపెనీ ఉండాలి. చేరే ముందు మీ యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే డీఎస్‌ఓని ఒకసారి అడగండి.

ఆ క్లాస్‌మేట్ ఇండియాలోనే ఉన్నాడనుకోండి, అయినా వదలకండి. వాడి టీమ్ వాళ్లు ఇక్కడి ఆఫీసులో ఉండొచ్చు. శనివారం పొద్దున్నే చేయండి, అక్కడ సాయంత్రం అవుతుంది, తీరిగ్గా దొరుకుతాడు.