తొంభై శాతం వచ్చిందా? ముందు కళ్లను అనుమానించు

చి. కావ్యకు,

ఊహించిన చేతి కదలికను ఈఈజీలో, అంటే నెత్తిమీది ఎలక్ట్రోడ్లతో తీసే మెదడు విద్యుత్ రికార్డులో, పట్టే పని మొదలుపెట్టగానే కచ్చితత్వం తొంభై శాతం దాటిందని రాశావు. సంతోషం. కానీ ఆ అంకె నలుగురికీ చెప్పేముందు అది నిజంగా చేతి ఊహ నుంచే వస్తోందా అన్నది తేల్చుకో. ఈ పనిలో అసలు శ్రమంతా అక్కడే ఉంది.

చేతులు ఊరికే ఉన్నప్పుడు నడినెత్తికి రెండు పక్కలా 8 నుంచి 13 హెర్ట్జ్ దాకా మ్యూ రిథమ్ అనే మెదడు తరంగం కనిపిస్తుంది. కుడిచెయ్యి కదుపుతున్నట్టు ఊహిస్తే ఎడమవైపు సీ3 అనే ఎలక్ట్రోడ్ దగ్గర అది తగ్గుతుంది. ఎడమచెయ్యి అనుకుంటే కుడివైపు సీ4 దగ్గర. 13 నుంచి 30 దాకా ఉండే బీటా తరంగాల్లోనూ ఇలాంటి తగ్గుదలే. మనకు కావలసిందల్లా ఇదే. మైక్రోవోల్టుల్లో ఉండే ఇంత చిన్న మార్పును ఒక్క కనురెప్పపాటు కప్పేస్తుంది.

నువ్వు ఫిల్టర్ 0.5 హెర్ట్జ్ నుంచి పెట్టానన్నావు. నా అనుమానం అక్కడే, కళ్ల కదలికల నెమ్మది సిగ్నల్ కూడా అందులోంచి వచ్చేస్తుంది. తెరమీద బాణం ఎడమకు చూపిస్తే కళ్లు కూడా అటే జరుగుతాయి. కనుగుడ్డు ముందుభాగం ధనావేశంతో ఉంటుంది కాబట్టి ఆ కదలిక నుదుటి ఎలక్ట్రోడ్లలో మెట్టులా పడుతుంది. నీ న్యూరల్ నెట్‌వర్క్‌కి అది చాలు, చెయ్యి జోలికి పోనే పోదు. ఒకసారి నుదుటి చానెళ్లు మాత్రమే ఇచ్చి ట్రెయిన్ చెయ్యి. అప్పుడూ ఎక్కువే వస్తే నువ్వు పట్టింది కళ్లనే. రేపు దీన్ని వాడాల్సిన, కదలలేని మనిషికి కళ్లు కూడా మాట వినకపోవచ్చు, అది మరిచిపోకు. ఫిల్టర్‌ని 8–30 హెర్ట్జ్‌కి మార్చి, బాణం మధ్యలోనే ఉంచి మళ్లీ చూడు.

రెండోది డేటా లీకేజీ. ఒక్కో ట్రయల్‌ని, అంటే ఒక్కసారి ఊహించినప్పటి రికార్డుని, ఒకదానిమీదొకటి పడే ముక్కలుగా కోసి, తర్వాత ట్రెయిన్, టెస్ట్‌లుగా కలగాపులగంగా పంచితే పరీక్ష పేపర్ ముందే ఇచ్చినట్టే. ముందు ట్రయల్స్ విడదీసి ఆ తర్వాత కొయ్యి. సీఎస్పీ (రెండు చేతుల ఊహలు బాగా వేరుపడేలా చానెళ్లను కలిపే పద్ధతి) లెక్క కూడా ట్రెయిన్ భాగం మీదే చెయ్యాలి. బీసీఐ (మెదడును కంప్యూటర్‌తో కలిపే పరిజ్ఞానం) కాంపిటీషన్ 4లోని 2ఏ డేటాలో 9 మందికీ వేర్వేరు రోజుల్లో తీసిన రెండేసి సెషన్లు ఉన్నాయి. మొదటిదాని మీద నేర్పి రెండోదాని మీద పరీక్షించు. అంకె పడిపోతుంది, పడనివ్వు.

కొత్తగా రికార్డు చేసేటప్పుడు మాత్రం మాటలు జాగ్రత్తగా ఎంచుకో. "చెయ్యి కదులుతున్నట్టు చూడండి" అనకు. బంతిని పిండుతుంటే అరచేతిలో, ముంజేతిలో ఎలా బిగుస్తుందో ఆ అనుభూతిని తలచుకోమను. ముంజేతిమీద కండరాల విద్యుత్తును పట్టే ఈఎంజీ ఎలక్ట్రోడ్ల జత ఒకటి అంటించు, నిజంగా కదిపితే తెలిసిపోతుంది. కొందరిలో ఈ తగ్గుదల దాదాపు కనిపించదు. వాళ్లు సరిగా చేయలేదనుకుని విసుక్కోకు, వాళ్ల టెన్షన్ పెంచకు.

ఇంకొకటి. 40 ట్రయల్స్‌లో 25 సరిగ్గా వచ్చినా అది అదృష్టం కావచ్చు. ఏది కుడి, ఏది ఎడమ అని చెప్పే లేబుల్స్ చాలాసార్లు తారుమారు చేసి ఎంత వస్తోందో పక్కన పెట్టుకుని చూడు.

నెట్‌వర్క్ ఇప్పుడే వద్దు. సీఎస్పీ, ఎల్‌డీఏ అనే సాదా వర్గీకరణ పద్ధతితో మొదలుపెట్టు. వచ్చింది డెబ్బై అయినా సరే, సీఎస్పీ పటాలతో సహా పంపు. బలం సీ3, సీ4 చుట్టూ ఉందా, నుదుటికి ఎక్కిందా అని ఇద్దరం కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
బాబాయ్