అప్పు అబ్బాయిది, పొయ్యి దగ్గర నిలబడేది మీరు

రాజమండ్రి నుంచి ఒకావిడ రాశారు. వయసు 58. భర్త పోయాక 2014లో ఇంటి ముందు గదిలోనే కర్రీ పాయింట్ పెట్టి కొడుకును ఇంజినీరింగ్ చదివించారు. ఇప్పుడు కొడుకు, కోడలు హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. మూడేళ్ల మనవడు. ఈవిడకు షుగరు, మోకాళ్ల అరుగుదల. తెల్లవారుజామున నాలుగింటికి లేస్తే మళ్లీ నడుం వాల్చేది రాత్రి పదిన్నరకి. "డాక్టరుగారు నడవమంటున్నారు. బాబేమో అన్నీ కట్టేసి వచ్చేయమంటున్నాడు. నాకు మా వీధి భజన బృందంతో నాలుగు ఊళ్లు తిరగాలని ఉంది. పని, ఆరోగ్యం, సరదా మూడూ కుదిరేలా ఒక టైం టేబుల్ చెప్పండి. నడక పొద్దున మంచిదా, సాయంత్రం మంచిదా?" అని అడిగారు.

అమ్మా,

నడక ఎప్పుడైనా మంచిదే. వీలున్నప్పుడు నడవండి. టైం టేబుల్ మాత్రం నేను రాసివ్వను. పంచుకోవడానికి మీ రోజులో మీదంటూ ఒక్క గంట మిగిలితే కదా!

మీ ఉత్తరంలో గ్యాసు ధరకూ కూరగాయల బాకీకీ మధ్య ఒక మాట రాసి దాటేశారు. "బాబు ఫ్లాటు వాయిదాకి నెలకి 15 వేలు పంపుతున్నాను, ప్రస్తుతానికే లెండి." ఫ్లాటు కొని నాలుగేళ్లయిందని మీరే ఇంకోచోట రాశారు. అంటే ఇప్పటికి 7 లక్షల 20 వేలు. మొదట్లో కట్టడానికి అమ్మిన మీ గాజులూ చంద్రహారం ఈ లెక్కలో లేవు. సాయంత్రం పుల్కాల బేరం ఎప్పుడు మొదలుపెట్టారు? అదీ నాలుగేళ్ల కిందటే. అంతకుముందు మధ్యాహ్నం రెండున్నరకి గిన్నెలు కడిగేసుకుని సాయంత్రం గుడికి వెళ్లేవారు. భజన నేర్చుకున్నదీ అప్పుడే. మీ సాయంత్రాలన్నీ ఆ ఫ్లాటు కిందే పోయాయి. వయసు మీద పడటం వల్ల వచ్చిన ఇబ్బంది కాదిది. మీకూ మీ అబ్బాయికీ మధ్య జరగాల్సిన మాట ఒకటి జరగకపోవడం వల్ల వచ్చింది.

అతను చెడ్డవాడని నేను అనను. ప్రతి ఆదివారం ఫోన్ చేసి "ఇంక చాలమ్మా, రెస్ట్ తీసుకో" అనే కొడుక్కి తల్లి మీద ప్రేమ లేకుండా ఉండదు. అయినా అయిదో తారీకు వచ్చేసరికి "పంపావా అమ్మా" అని అడుగుతున్నాడు. మీరు రెస్ట్ తీసుకుంటే ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుందో అతను ఒక్కసారీ కూర్చుని ఆలోచించలేదు. మీరు ఆలోచించనివ్వలేదు. "పర్లేదు నాన్నా, బేరాలు బాగానే ఉన్నాయి" అంటూ వచ్చారు. మోకాళ్లకి ఇంజెక్షన్ చేయించుకున్న సంగతి కూడా చెప్పలేదట. ఎందుకు దాచారమ్మా? తల్లి నొప్పి తెలియాల్సిన మొదటి మనిషి అతనే.

కోడలి పోరేమోనని ఒక అనుమానం రాశారు. ఆ అమ్మాయిని ఇందులోకి లాగకండి. డబ్బు పంపేది మీరు, అందుకునేది మీ కొడుకు. మధ్యలో ఇంకొకరి మీద నెపం పెట్టుకుంటే అతనితో మాట్లాడే పని తప్పిపోతుందని మీ మనసు వెతుక్కున్న దారి అది.

భర్త లేకుండా ఒక్కరే నిలబడి బిడ్డను చదివించారు, పెళ్లి చేశారు. తల్లిగా మీ బాధ్యత అక్కడితో తీరింది. నా దృష్టిలో ఇప్పుడు బాకీ ఉన్నది అతను. ఇద్దరు సంపాదించే ఇంటి అప్పుకి, షుగరుతో ఉన్న తల్లి పొయ్యి ముందు నిలబడి వాయిదా కట్టడం ధర్మం కాదు. ఇది నేను ఎవరి ముందైనా చెబుతాను.

అన్నీ కట్టేసి హైదరాబాద్ వెళ్లడం గురించి. పండక్కి వెళ్లండి, వేసవిలో పది రోజులు ఉండి మనవణ్ని ముద్దు చేసి రండి. మకాం మాత్రం మార్చకండి. ఇద్దరూ ఆఫీసుకి వెళ్లే ఇంట్లో మూడేళ్ల పిల్లాడి వెనక పరుగెత్తడం, రెండు పూటలా వండి పెట్టడం విశ్రాంతి అనిపించుకోదు. పైగా అక్కడ మీ చేతికి పైసా రాదు.

దుకాణం మూసేయమనీ నేను అనను. పక్క హాస్టల్ పిల్లలు మీ గోంగూర పప్పు కోసం పన్నెండింటికే వచ్చి నిలబడతారని రాశారు. రోజూ రసం, ఒక వేపుడు మాత్రమే కట్టించుకునే మాస్టారి గురించి రాశారు. ఆయన రెండు రోజులు రాకపోతే కుర్రాణ్ని పంపి కనుక్కున్నారట. ఉత్తరం మొత్తంలో మీకు ప్రాణం లేచివచ్చింది అక్కడే. ఆ పని మీకు అన్నమూ పెట్టింది, వీధిలో తలెత్తుకు తిరిగే గౌరవమూ ఇచ్చింది. మధ్యాహ్నం బేరం ఉంచుకోండి. పుల్కాలు మానేయండి. వారానికి ఒకరోజు సెలవు పెట్టండి. ఖాతాదారులు ఎక్కడికీ పోరు.

ఇప్పుడు ఒక ముఖ్యమైన సంగతి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పదకొండున్నర, పన్నెండు ప్రాంతంలో చేతులు వణుకుతున్నాయనీ, ఒళ్లంతా చెమటలు పడుతున్నాయనీ రాసి, పొయ్యి వేడి అని మీకు మీరే సర్దిచెప్పుకున్నారు. పొద్దున టీతో షుగరు మాత్ర వేసుకుంటున్నారు. మళ్లీ అన్నం తినేది బేరం అయ్యాక మూడింటికి. కొన్ని రకాల షుగరు మాత్రలు వేసుకుని తినకుండా ఉంటే షుగరు పడిపోతుంది. 70 కంటే తగ్గిందంటే ప్రమాదమే. మరుగుతున్న సాంబారు గిన్నె పక్కన కళ్లు తిరిగితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? ఈసారి వణుకు రాగానే వేలు గుచ్చి చూసే మిషన్‌తో పరీక్షించుకోండి. 70 కంటే తక్కువ చూపినా, మిషన్ చేతిలో లేకపోయినా ఆగొద్దు, మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగేయండి. మాత్రలు మీ అంతట మీరు మానవద్దు. ఏ మాత్ర ఎన్నింటికి వేసుకుంటున్నారో, ఎన్నింటికి తింటున్నారో కాగితం మీద రాసి డాక్టరుగారికి చూపించండి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా చేయించమని అడగండి. ఊరందరికీ కూరలు కట్టే మనిషి ఎనిమిదింటికి రెండు ఇడ్లీలు తినడానికి ఎవరి అనుమతి కావాలి?

వంటగదిలో ఒట్టి కాళ్లతో తిరుగుతున్నారట. షుగరు ఉన్నవాళ్ల పాదాలకి స్పర్శ తగ్గితే నూనె చుక్క పడి కాలినా తెలియదు. వంటింట్లోకి విడిగా ఒక జత చెప్పులు పెట్టుకోండి. కూరగాయలు కూర్చుని తరగండి, కిందైతే లేవలేరు కాబట్టి ఎత్తు స్టూలు వేసుకోండి. రోజంతా నిలబడుతున్నాను, అదే వ్యాయామం అనుకోవద్దు. నిలబడటం వల్ల మోకాళ్లకి భారమే. కుర్చీలో కూర్చుని ఒక్కో కాలు నిటారుగా చాచి కాసేపు ఆపి దించితే తొడ కండ బలపడుతుంది, మోకాలికి ఆసరా అదే. ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకసారి నేర్చుకోండి. వారానికి 150 నిమిషాలు నడవాలంటారు, రోజుకి అరగంట చొప్పున అయిదు రోజులు. పుల్కాలు మానేస్తే ఆ అరగంట దొరుకుతుంది.

"2027 పుష్కరాల దాకా ఓపిక పడితే నాలుగు డబ్బులు వస్తాయి, ఆ తర్వాత చూద్దాం" అన్నారు. 2015 పుష్కరాల పన్నెండు రోజులూ వంటే చేశాననీ, నడిచి వెళ్లేంత దూరంలో కోటిలింగాల రేవు ఉండి కూడా ఒక్క మునక వేయలేకపోయాననీ రాసింది కూడా మీరే. ఈసారి దాటితే మళ్లీ 2039. మీకు డెబ్బై దాటతాయి. 2027లో కనీసం రెండు రోజులు తాళం వేయండి. మీ అబ్బాయిని రమ్మనండి. తండ్రికి పిండం పెట్టాల్సింది అతను. మీరు పక్కన ఉండాలి.

ఇక అతనితో మాట్లాడటం. ఫోన్‌లో వద్దు, వాట్సాప్‌లో అసలు వద్దు. ఒక ఆదివారం రప్పించండి. ఏడవకండి, గతం తవ్వకండి. "నాన్నా, ఉగాది దాకా పంపుతాను. తర్వాత వాయిదా మీరిద్దరే చూసుకోవాలి. నా కాళ్లు ఇక మోయలేవు" అనండి. మందుల చీటీలు బల్ల మీద పెట్టండి. భారం ఎక్కువైతే గడువు పెంచమని బ్యాంకును అడగొచ్చు, ఆ దారి వాళ్లకు తెలుసు. అతను రెండు రోజులు ముభావంగా ఉంటాడు. ఉండనివ్వండి. మీరు కరిగి "సరేలే, ఇంకో ఏడాది" అన్నారంటే ఆ ఏడాది ఎప్పటికీ పూర్తికాదు.

అప్పటినుంచి మిగిలేదాంట్లో మీకు వీలైనంత పోస్టాఫీసు ఆర్డీలో వేయండి. నెలకి 5 వేలు వేసినా అయిదేళ్లకి వడ్డీ కాక అసలే 3 లక్షలు. 60 నిండాక సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో పెట్టుకుంటే మూడు నెలలకోసారి వడ్డీ చేతికొస్తుంది. నామినీగా కొడుకు పేరు రాయండి, పాస్‌బుక్ మాత్రం మీ బీరువాలోనే ఉండాలి. ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవలో మీ పేరుందో లేదో మీ వార్డు సచివాలయంలో కనుక్కోండి.

గోదావరి ఒడ్డున పుట్టి పాపికొండలు చూడలేదని రాశారు, అది చదివి నాకు నిజంగా బాధేసింది. గండిపోచమ్మ దగ్గర బోటు ఎక్కితే పేరంటపల్లి చూసుకుని సాయంత్రానికి వెనక్కి వచ్చేయొచ్చు. వరదల కాలంలో బోట్లు ఆపేస్తారు, చలికాలం బాగుంటుంది. ఎక్కగానే లైఫ్ జాకెట్ అడిగి వేసుకోండి. డబ్బాలో పులిహోర, సంచిలో మాత్రలు, గ్లూకోజు పొడి పెట్టుకోండి. భజన బృందంలో ఎవరికి ఏ రోజు వీలవుతుందో ఈ వారమే కనుక్కుని, "ఆ రోజు సెలవు" అని దుకాణం ముందు బోర్డు పెట్టించండి. అబ్బాయి ఏమన్నాడో నాకు మళ్లీ రాయండి.