రీసైక్లింగ్ కేంద్రం వస్తే చెత్త రుసుము పెరుగుతుందా?

ప్రశ్న: మేము తిరుపతి కొర్లగుంటలో సొంత ఇంట్లో ఉంటున్నాము. తూకివాకంలో చెత్త శుద్ధికి ఉన్న ఏర్పాట్లు చాలడం లేదని, పొడి చెత్త కోసం నగర శివారులో మరో రీసైక్లింగ్ కేంద్రం పెట్టే ప్రతిపాదన ఉందని మా వీధిలో చెప్పుకుంటున్నారు. చెత్త పన్ను ఎత్తివేసినప్పుడు సంతోషించినవాళ్లం. ఇప్పుడు ఆ కేంద్రం ఖర్చు మళ్లీ మా నెత్తిన పడుతుందా? లేక అట్టలూ ప్లాస్టిక్కూ అమ్మి కార్పొరేషన్ బాగుపడుతుంది గనుక ఇంటి పన్నులో తగ్గింపు ఆశించవచ్చునా?
– కొర్లగుంట పాఠకుడు, తిరుపతి

జవాబు: మీ భయమూ మీ ఆశా రెండూ ఒకే ఊహ మీద నిలబడి ఉన్నాయి. కేంద్రం ఖర్చు గానీ రాబడి గానీ నేరుగా మీ ఇంటి రసీదులో కనిపిస్తుందని మీరు అనుకుంటున్నారు. మన రాష్ట్రంలో ఇప్పుడున్న ఏర్పాటులో అలా కనిపించే దారి లేదు.

2021 అక్టోబరు 2న క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమం మొదలైనప్పుడు ఇంటింటి నుంచి చెత్త సేకరణకు నెలవారీ రుసుము వసూలు చేశారు. జనం దానికి పెట్టిన పేరు చెత్త పన్ను. 2024లో రాష్ట్ర ప్రభుత్వం మునిసిపల్ చట్టాలను సవరించి దానిని రద్దు చేసింది. అది తిరిగి రావాలంటే రాష్ట్ర స్థాయిలో మళ్లీ నిర్ణయం జరగాలి తప్ప, శివారులో ఒక షెడ్డు లేచినంత మాత్రాన కార్పొరేషన్ తనంతట తాను రసీదు పుస్తకం తెరవలేదు. ఇంటి పన్ను సంగతి వేరు. 2021 నుంచి అది ఆస్తి మూలధన విలువను బట్టి లెక్కకు వస్తోంది. మీ ఇంటి విలువకూ, మీ చెత్త ఏ ఊరి యంత్రంలోకి పోతోందన్న దానికీ సంబంధం లేదు గనుక తగ్గింపు ఆశ కూడా పెట్టుకోవద్దు.

అంత మాత్రాన ఖర్చు లేదని కాదు, అది వేరే చోట పడుతుంది. రుసుము లేనప్పుడు చెత్తకయ్యే రోజువారీ ఖర్చు చాలావరకు కార్పొరేషన్ సాధారణ నిధి మీదే పడుతుంది. మీ వీధి కాలువ పూడిక తీయడానికీ, వెలగని దీపం మార్చడానికీ డబ్బు ఇచ్చేది కూడా ఆ నిధే. అందుచేత ‘రుసుము ఎంత’ అన్న ప్రశ్న కంటే ‘ఒప్పందంలో ఏమి రాశారు’ అన్న ప్రశ్న మీకు ఎక్కువ పనికివస్తుంది.

కట్టడం ఖర్చు గురించి పెద్దగా కలవరపడనవసరం లేదు. స్వచ్ఛ భారత్ మిషన్ పట్టణ విభాగం రెండవ దశలో లక్ష నుంచి పది లక్షల జనాభా ఉన్న నగరాలకు చెత్త శుద్ధి ప్రాజెక్టుల వ్యయంలో 33 శాతం కేంద్ర ప్రభుత్వ వాటాగా ఇచ్చే పద్ధతి ఉంది. 2011 లెక్కల ప్రకారం తిరుపతీ చిత్తూరూ రెండూ ఆ వరుసలోకే వస్తాయి. కట్టడం ఒక్కసారి అయ్యే ఖర్చు. నడపడం అలా కాదు, అది రోజూ ఉండేది. నడిపే సంస్థకు చెత్త తీసుకున్నందుకు టన్నుకు ఇంత అని కార్పొరేషన్ చెల్లించే మొత్తాన్ని టిప్పింగ్ ఫీజు అంటారు. ఈ అంకె మీదనే అందరి కళ్లూ ఉంటాయి. కానీ అసలు మెలిక దాని పక్కన ఉండే మరో వాక్యంలో ఉంటుంది. రోజుకు ఇన్ని టన్నులకు తగ్గకుండా చెత్త ఇస్తామని, తగ్గినా ఆ మేరకు డబ్బు చెల్లిస్తామని కార్పొరేషన్ మాట ఇచ్చే వాక్యం అది.

లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. ఇవి ఏ ఒప్పందం నుంచీ తీసుకున్నవి కావు. రోజుకు 100 టన్నులు ఇస్తామని ఒప్పుకున్నారు, టన్నుకు 600 రూపాయలు. తీరా వెళ్తున్నది 70 టన్నులే. రాని 30 టన్నులకు రోజుకు 18,000, ఏడాదికి 65 లక్షల 70 వేల రూపాయలు ఊరికే పోతాయి. నగరంలో 80,000 ఇళ్లున్నాయనుకుంటే ఇంటికి నెలకు ఏడు రూపాయల లోపు. చూశారా, ఒక్కో ఇంటికి అది టీ ఖరీదు కూడా కాదు. కనుకనే దాని మీద ఎవరూ గొంతెత్తరు. అదే మొత్తం ఒక్కచోట చూస్తే ఏటా కొన్ని వీధులకు కాలువలు కట్టించగలిగినంత సొమ్ము.

ఒప్పుకున్నన్ని టన్నులు ఎందుకు రావు? చెత్త బండి మీ గుమ్మం ముందుకు వచ్చేసరికే విలువైన సరుకు వేరే దారి పట్టి ఉంటుంది. పాత దినపత్రికలు మీరే కాటాకు వేయిస్తారు. పాత సామాన్లవాడు సైకిల్ మీద అట్టపెట్టెలు, ఇనుము, సీసాలు తీసుకుపోతాడు. మిగిలిన నీళ్ల సీసాలను తెల్లవారకముందే సంచీ భుజాన వేసుకుని తిరిగేవారు ఏరుకుంటారు. పొడి చెత్త కేంద్రంలో ఒక పూట నిలబడి చూస్తే కదిలే పట్టీ మీద ఏమి వస్తుందో తెలుస్తుంది: చిప్స్ పొట్లాలు, షాంపూ సాచెట్లు, చిరిగిన చెప్పులు, పాత బట్టలు, థర్మకోల్ ముక్కలు, పప్పుచారు అంటుకున్న పార్సిల్ కవర్లు. వీటిలో అమ్మకానికి పనికివచ్చేది తక్కువ. ఏరుకుని బతికేవారిని ఈ లెక్కలో శత్రువులుగా చూడడం నాకు సమ్మతం కాదు. వారు తీసిన ప్రతి కిలోకూ కార్పొరేషన్ మోత ఖర్చు తప్పించారు. టన్నుల హామీ రాసేవారే ఆ కిలోలను ముందే తీసివేసి రాయాలి.

అమ్ముడుపోని సరుకులో కాలేదాన్ని వేరు చేసి, ఆర్‌డీఎఫ్ (చెత్త నుంచి తీసిన ఇంధనం) పేరుతో సిమెంటు కర్మాగారాలకు పంపుతారు. మనకు ఆ కర్మాగారాలు కడప జిల్లా యర్రగుంట్ల ప్రాంతంలో ఉన్నాయి, తిరుపతి నుంచి దారి 150 కిలోమీటర్లు దాటుతుంది. లారీ బాడుగ ఎవరిది? నడిపే సంస్థదా, సిమెంటు సంస్థదా, కార్పొరేషన్‌దా? ఒప్పందంలో ఈ మాట లేకపోతే, బాడుగ పెరిగినప్పుడల్లా వివాదం వచ్చి సరుకు కేంద్రం ఆవరణలోనే గుట్టలుగా పేరుకుంటుంది.

తూకం గురించి కూడా ఒక మాట. కాటా గేటు దగ్గర ఉంటే లోపలికి వచ్చిన బరువుకు డబ్బు, శుద్ధి అయిన తరువాత ఉంటే పని జరిగిన బరువుకు డబ్బు. నవంబరు వానల్లో తడిసిన అట్టపెట్టె ఎండలో కంటే ఎక్కువ తూగుతుంది, తక్కువ ధర పలుకుతుంది. గేటు తూకం మీద చెల్లిస్తే ఆ నెల కార్పొరేషన్ వాన నీటికి కూడా టిప్పింగ్ ఫీజు కడుతున్నదన్నమాట.

రాబడి వైపు మీరు ఊహించని ఒక పద్దు ఉంది. 2022 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం ప్లాస్టిక్ పొట్లాల్లో సరుకు అమ్మే సంస్థలు తాము బజారులోకి వదిలిన ప్లాస్టిక్ లెక్కకు తగ్గట్టు రీసైక్లింగ్ జరిగినట్టు ధ్రువపత్రాలు చూపించాలి. నమోదైన రీసైక్లర్ల నుంచి వాటిని కొనుక్కోవచ్చు. అంటే మీ ఇంటి పొట్లాలకు పాత సామాన్ల కొట్టులో ధర లేకపోయినా, వాటిని శుద్ధి చేశామన్న కాగితానికి ధర ఉంది. ఆ సొమ్ములో కార్పొరేషన్‌కు వాటా ఉంటుందా, అంతా నడిపే సంస్థకేనా అన్నది ముందే తేల్చుకోవలసిన విషయం.

ఇవన్నీ అడిగే హక్కు మీకు ఉంది. 2005 సమాచార హక్కు చట్టం కింద కార్పొరేషన్ పౌర సమాచార అధికారికి 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు రావాలి. ‘రీసైక్లింగ్ కేంద్రం వివరాలు ఇవ్వండి’ అని రాస్తే రెండు పేజీల పొగడ్త వస్తుంది. ప్రతిపాదనకు సంబంధించిన ఒప్పంద ముసాయిదా నకలు, కనీస టన్నుల నిబంధన, గత పన్నెండు నెలలుగా పొడి చెత్త రోజువారీ తూకం చిట్టా అని పేరు పేరునా అడగండి. చిట్టాలోని టన్నులనూ ముసాయిదాలోని టన్నులనూ పక్కపక్కన పెడితే మీ ప్రశ్నకు జవాబు అక్కడే దొరుకుతుంది.

ప్రశ్న: గోవిందరాజస్వామి ఆలయం దగ్గర మాకు లాడ్జి, కింద భోజన హోటల్ ఉన్నాయి. కొత్త కేంద్రం వస్తే మా వంటి వ్యాపారులకు చెత్త ఖర్చు తగ్గుతుందా?
– ఒక వ్యాపారి, తిరుపతి

జవాబు: మీ చెత్తలో ఎక్కువ బరువు తడి చెత్తదే: అరటి ఆకులు, మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు, టెంకాయ బొండాలు. పొడి చెత్త కేంద్రం వాటిని ముట్టుకోదు గనుక తగ్గుదల ఆశించవద్దు. మీరు చూసుకోవలసింది వేరే ఉంది. రోజుకు 100 కిలోలు, ఆపైన చెత్త వచ్చే సంస్థలను నిబంధనలు భారీ ఉత్పత్తిదారులుగా పరిగణిస్తాయి. 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా పెట్టుకున్న కొత్త నిబంధనలు రోజుకు 40,000 లీటర్ల నీటి వాడకాన్ని కూడా ఒక కొలతగా చేర్చాయి. యాత్రికుల గదులున్న లాడ్జికి చెత్త కంటే ముందు నీళ్ల లెక్కే ఆ గీత దాటించవచ్చు. ఆ వర్గంలోకి వస్తే తడి చెత్తను వీలైనంత వరకు మీ ఆవరణలోనే ఎరువుగానో గ్యాస్‌గానో మార్చే బాధ్యత మీదవుతుంది.

ఒక వారం పాటు రాత్రి హోటల్ మూసే ముందు తడి, పొడి డబ్బాలను విడివిడిగా తూచి నోటు పుస్తకంలో రాయండి. శనివారాన్ని వదలవద్దు, ఆ రోజు రద్దీకి అంకె ఎంత మారుతుందో మీకే తెలుసు.

ప్రశ్న: తిరుపతిలో పెట్టే కేంద్రానికే మా చిత్తూరు పొడి చెత్త కూడా పంపితే ఖర్చు కలిసివస్తుందని కొందరంటున్నారు. నిజమేనా?
– చిత్తూరు పాఠకురాలు

జవాబు: యంత్రం వైపు నుంచి చూస్తే నిజమే, రెండు ఊళ్ల సరుకు వస్తే అది ఖాళీగా ఉండదు. రోడ్డు వైపు నుంచి చూస్తే అంత తేలిక కాదు. చిత్తూరు నుంచి తిరుపతికి సుమారు 70 కిలోమీటర్లు, రానుపోను 140. లీటరుకు 4 కిలోమీటర్లు నడిచే లారీకి 35 లీటర్ల డీజిల్ కావాలి. లీటరు 100 రూపాయల చొప్పున 3,500. లారీలో 10 టన్నులు పడితే టన్నుకు 350. అయితే పొడి చెత్త గాలి నిండిన సరుకు. నొక్కకుండా నింపితే 4 టన్నులకే లారీ నిండిపోయి, టన్నుకు డీజిలే 875 రూపాయలవుతుంది; డ్రైవరు జీతం, టైర్లు, టోలు దీనికి అదనం.

కనుక పంపదలచుకుంటే చిత్తూరులోనే సరుకును ఏరి, నొక్కి, బేళ్లుగా కట్టే యంత్రం ముందు పెట్టుకోవాలి. అది పెట్టుకున్న తరువాత అట్టలూ సీసాలూ కొనేవారు చిత్తూరుకే వస్తారు, తమిళనాడు సరిహద్దు కూడా దగ్గరే గనుక బేరానికి మరో దారి ఉంటుంది. అప్పుడు తిరుపతికి పంపవలసి వచ్చేది ఎవరూ కొనని మిగులే. ఆ మిగులుకు ఒక్కో టన్నుకూ అక్కడ టిప్పింగ్ ఫీజు మీ కార్పొరేషనే కట్టాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక రెండు నగరాలూ రెండు జిల్లాల్లో ఉన్నాయి. కాబట్టి తూకంలో తేడా వచ్చినప్పుడు ఏ కాటా చీటీ చెల్లుతుంది, చిత్తూరుదా తిరుపతిదా అన్నది మొదటి లారీ కదలకముందే కాగితం మీద ఉండాలి.