నాస్‌లోకి కాపీ పెడితే తెల్లారిపోతోంది!

ప్రశ్న: మాది శ్రీకాకుళంలో ఫొటో స్టూడియో. మూడు కంప్యూటర్లు, రెండు డిస్కుల నాస్ బాక్సు (నెట్‌వర్క్‌లో అన్ని కంప్యూటర్లూ ఫైళ్లు దాచుకునే పెట్టె) ఒకటి ఉన్నాయి. ఒక్కో పెళ్లికి 200 జీబీ దాకా ఫుటేజ్ వస్తుంది. దాన్ని నాస్‌లోకి పంపడానికి ఐదు గంటలు పడుతోంది, మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికే. పెద్ద మోడల్ నాస్ తీసుకోమని అమ్మినాయన అంటున్నాడు. తీసుకోమంటారా?

జవాబు: వద్దండీ, ముందు కేబుల్ చూడండి. జబ్బేమిటో మీ లెక్కలోనే ఉంది. 200 జీబీకి ఐదు గంటలంటే సెకనుకి 11 ఎంబీ. ఈ 11 కనబడిందంటే మీ నెట్‌వర్క్ ఎక్కడో 100 ఎంబీపీఎస్ దగ్గర ఇరుక్కుందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు, ఎందుకంటే 100 మెగాబిట్లని ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నర మెగాబైట్లు, పైఖర్చులు పోను చేతికొచ్చేది ఆ పదకొండే. లైన్ మొత్తం గిగాబిట్ (అంటే 1000 ఎంబీపీఎస్) అయితే 110 దాకా వస్తుంది, అదే పెళ్లి అరగంటలో ఎక్కేస్తుంది.

విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్, అందులో ఈథర్నెట్ తెరిస్తే లింక్ స్పీడ్ అని ఉంటుంది. 1000 ఉండాల్సిన చోట 100 ఉంటే దొంగ దొరికినట్టే. చాలాసార్లు ఆ దొంగ కేబులే. లోపల ఎనిమిది తీగలుంటాయి, 100 స్పీడుకి నాలుగు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. ఎలక ఒక్క తీగ కొరికినా, కనెక్టర్‌లో ఒక్క పిన్ను సరిగ్గా అంటకపోయినా చాలాసార్లు లింక్ పూర్తిగా తెగకుండా చప్పుడు లేకుండా 100కి దిగిపోతుంది, నెట్ మామూలుగానే వస్తుంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కేబుల్ మంచిదే అయితే మధ్యలో ఉన్న స్విచ్ (నెట్‌వర్క్ కేబుళ్లన్నీ గుచ్చే పెట్టె) చూడండి. ఇంటర్నెట్ వాళ్లు పెట్టిన రౌటర్ వెనకే అన్నీ గుచ్చేసి ఉంటే దాని పోర్టులు 100వే కావచ్చు. గిగాబిట్ స్విచ్ ఒకటి, మంచి కేబుళ్లు నాలుగు కొనుక్కుంటే కొత్త నాస్ ఖర్చులో పిసరంత కూడా కాదు. ఈ పనికి మాత్రం వైఫై వాడకండి.

ఇక కరెంటు సంగతి. మౌస్‌తో లాగి పడేసే కాపీని నమ్ముకోకండి. విండోస్‌లోనే రోబోకాపీ అనే కమాండ్ ఉంది, కొనక్కర్లేదు. ఏ ఫోల్డర్ నుంచి ఏ ఫోల్డర్‌కో చెప్పి, చివర స్లాష్ ఇ, స్లాష్ జెడ్ కలపండి. మొదటిది లోపలి ఫోల్డర్లన్నీ తీసుకెళ్తుంది, రెండోది తెగిన ఫైలుని తెగిన చోటి నుంచి అందుకుంటుంది. మళ్లీ నడిపితే అప్పటికే వెళ్లినవాటిని వదిలేస్తుంది. ఒక చిక్కుంది, ఏ ఫైలైనా ఎడిటింగ్‌లో తెరిచి ఉండి కాపీ కాకపోతే రోబోకాపీ 30 సెకన్లకోసారి పది లక్షల సార్లు ప్రయత్నిస్తానంటుంది (నిజంగానే, తయారైనప్పటి నుంచీ దాని లెక్క అదే), కాబట్టి స్లాష్ ఆర్ కోలన్ 3 అని కూడా ఇవ్వండి. ఈ కమాండ్‌లోనే స్లాష్ ఎమ్ఐఆర్ అనే ఆప్షన్ జోలికి మాత్రం వెళ్లొద్దు. కంప్యూటర్లో లేనిదల్లా నాస్‌లోంచి చెరిపేస్తుంది, పాత పెళ్లిళ్లన్నీ గోవిందా.

కట్ చేసి పేస్ట్ చేసే అలవాటుంటే ఈరోజే మానేయండి. సగంలో ఆగితే సగం ఇక్కడ, సగం అక్కడ, ఏది ఎక్కడుందో తేల్చుకునేసరికి పెళ్లివారి ఫోన్. ముందు కాపీ, తర్వాత రెండు వైపులా ఫైళ్ల సంఖ్య, సైజు పోల్చడం, నాలుగైదు క్లిప్పులు నాస్ మీంచే ఆడించి చూడటం, ఆ తర్వాతే చెరపడం. రెండు చోట్ల కాపీ పడేదాకా కెమెరా కార్డు ఫార్మాట్ చేయకండి.

యూపీఎస్ ఉంటే నాస్‌కి యూఎస్‌బీ కేబుల్‌తో కలపండి, చాలా మోడళ్లు బ్యాటరీ అయిపోయేలోగా వాటంతటవే జాగ్రత్తగా ఆగుతాయి. స్విచ్‌కి కూడా యూపీఎస్ ఇవ్వాలని చాలామంది మర్చిపోతారు. కంప్యూటరూ నాసూ వెలుగుతూ ఉండి మధ్యలో స్విచ్ ఆరిపోతే కాపీ ఎలా సాగుతుంది?

ప్రశ్న: విజయనగరంలో అకౌంట్స్ ఆఫీసు మాది. మా నాస్ రెండు డిస్కుల్లోనూ ఒకటే రాస్తుంది. ఇక వేరే బ్యాకప్ అక్కర్లేదు కదా?

జవాబు: కావాలండీ. దాన్ని రెయిడ్ 1 అంటారు, ఒక డిస్కు చచ్చిపోతే రెండోది ఆదుకుంటుంది, అంతవరకే. మీ అసిస్టెంట్ పొరపాటున ఫోల్డర్ చెరిపితే రెండింట్లోనూ అదే క్షణంలో పోతుంది. రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వచ్చినా అంతే. వారానికోసారి బయటి హార్డ్‌డిస్కులోకి కాపీ తీసి, తీగ పీకేసి, ఆఫీసులో కాకుండా ఇంట్లో పెట్టండి. వీలైతే ఇంకోటి వేరే ఊళ్లో. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు పలాస వైపు రోజుల తరబడి కరెంటు లేదు, మన తీరంలో ఇలాంటివి కూడా లెక్కేసుకోవాలి.

ప్రశ్న: కొత్త విండోస్ వేయించాక పాత నాస్ అసలు కనబడటం లేదు. ఎస్ఎమ్‌బీ 1 (నెట్‌వర్క్‌లో ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునే పాత పద్ధతి) ఆన్ చేస్తే వస్తుందట, చేయమంటారా?

జవాబు: చేయకండి. 2017లో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ పాకింది ఆ దారిలోనే, ఆ ఏడాది చివర్నుంచి మైక్రోసాఫ్ట్ కొత్తగా వేసే విండోస్‌లో దాన్ని తీసేసింది కూడా. నాస్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఫర్మ్‌వేర్ (నాస్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి, ఎస్ఎమ్‌బీ 2 లేదా 3 ఎంచుకోండి. ఆ ఆప్షనే లేనంత పాతదైతే అందులోని డేటా బయటికి తీసుకుని, దానికి రిటైర్మెంట్ ఇచ్చేయండి.