సముద్రపు గుల్లలను బట్టి నీటి కాలుష్యాన్ని తెలుసుకోవచ్చా?

గుంటూరు నుంచి సూర్యలంక వెళ్లి గుల్లలు ఏరుకొచ్చినవారికి తరచూ కలిగే సందేహమిది. తెలుసుకోవచ్చు. అయితే చాలావరకు కంటితో కాదు, ప్రయోగశాలలోనే.

ఆల్చిప్పలోని జీవి దాదాపు ఒకేచోట ఉండి నీటిని వడకట్టుకుని తింటుంది. కాల్షియం కార్బొనేట్‌తో పొర మీద పొరగా పెంకు కట్టుకుంటుంది. ఆ పొరల్లోకి నీటిలోని సీసం, మాంగనీసు వంటివి కొద్దికొద్దిగా చేరతాయి. మాంసం ఇటీవలి వారాలు, నెలల సంగతి చెబితే, పెంకు ఏళ్ల నాటిది చెబుతుంది. పెంకును నిలువునా కోసి సానపట్టి సూక్ష్మదర్శినిలో చూస్తే ఎదుగుదల గీతలు కనిపిస్తాయి. లేజరుతో ఒక్కో గీత దగ్గర రవ్వంత పొడి లేపి లోహాలను కొలుస్తారు.

ఒక్కోసారి ఆకారమే సాక్ష్యం. ఫ్రాన్స్‌లోని ఆర్కషాన్ అఖాతంలో పడవల అడుగున పూసే, ట్రైబ్యూటైల్ టిన్ అనే విష రసాయనం కలిసిన రంగు వల్ల ఆల్చిప్పల పెంకులు మందమెక్కి, లోపల ఖాళీ అరలతో వికృతంగా పెరిగాయి. 1982లో ఆ దేశం చిన్న పడవలకు ఆ రంగు వాడకంపై ఆంక్షలు పెట్టింది.

ఒడ్డున దొరికిన ఖాళీ గుల్ల మాత్రం నమ్మదగిన సాక్షి కాదు. అది ఎక్కడిదో, ఎన్నేళ్లదో తెలియదు. ప్రాణంతో ఉన్న ఒకే జాతివి, ఒకే పరిమాణంవి కావాలి. ఉష్ణోగ్రత, ఉప్పదనం కూడా పెంకు కూర్పును మారుస్తాయి కనుక, కృష్ణా వరద నెలలను విడిగా చూడాలి. డెల్టా మురుగు కాలువలు సముద్రంలో కలిసేచోట కొన్ని, దూరంగా కొన్ని సేకరించి పోల్చే పనిని మన కళాశాలలు ఏటా చేపట్టాలని నా గట్టి కోరిక.