విషం పేరు తెలియకపోయినా వైద్యం ఆగకూడదు: ఒక హౌస్ సర్జన్‌కి ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. వచ్చే వారం నుంచి క్యాజువాల్టీలో రాత్రి డ్యూటీలు పడ్డాయని, విషం తాగిన కేసులంటే చేతులు వణుకుతున్నాయని రాశావు. ఏ విషానికి ఏ విరుగుడో ఒక పట్టిక వేసి పంపమన్నావు. పట్టిక నీ పుస్తకాల్లో ఎలాగూ ఉంది కనుక దాన్ని మళ్లీ రాయను. పేషెంటు ఒంటి మీద విషాన్ని ఎలా పోల్చుకోవాలో, విరుగుడు ఎక్కిస్తున్నప్పుడు ఏ గుర్తు కోసం కాచుకోవాలో రాస్తాను. రెండోది మరీ ముఖ్యం. ఎక్కడ ఆపాలో ముందే అనుకోకుండా ఏ విరుగుడూ మొదలుపెట్టకు.

పేషెంటు రాగానే చుట్టూ ఉన్నవాళ్లంతా "ఏం తాగాడు?" అని అడుగుతుంటారు. నువ్వూ అడుగు, కానీ జవాబు వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడకు. చాలా విషాలకి విరుగుడే లేదమ్మా. అయినా అందులో ఎక్కువమంది బతుకుతారు. ఊపిరి ఆడేలా చూసి, ఆక్సిజన్ ఇచ్చి, బీపీ నిలబెట్టి, ఫిట్స్ ఆపితే మిగతా పని లివర్, కిడ్నీలు చేసుకుంటాయి. స్పృహ లేని ప్రతి మనిషికీ వేలు గుచ్చి షుగర్ చూడు. విషమని తీసుకొచ్చిన మనిషికి ఉన్నది షుగర్ పడిపోవడమే కావచ్చు. పురుగుమందు వాసన వస్తుంటే గ్లవ్స్ వేసుకుని బట్టలన్నీ తీయించు, ఒళ్లు, జుట్టు సబ్బునీళ్లతో కడిగించు. చర్మం మీద ఉన్నదీ లోపలికి పోతూనే ఉంటుంది.

ఆ తర్వాత ఒక్క నిమిషం పెట్టి మనిషిని చూడు. కనుపాపలు, చర్మం, ఊపిరి, నాడి, పేగుల చప్పుడు. కనుపాపలు సూదిమొనలంత అయి, ఒళ్లంతా చెమటలు, నోట్లోంచి చొంగ, ఛాతీలో గురగుర, నాడి నెమ్మది, విరేచనాలు ఉంటే ఆర్గానోఫాస్ఫేట్ లేదా కార్బమేట్ పురుగుమందు. కనుపాపలు అలాగే చిన్నవై, చర్మం పొడిగా ఉండి, ఊపిరి నిమిషానికి ఆరో ఎనిమిదో అయితే మార్ఫిన్ జాతి మందు. కనుపాపలు విచ్చుకుని, ఒళ్లు కాలిపోతూ, మొహం ఎర్రబడి, లేనివాటిని గాల్లో ఏరుకుంటూ మాట్లాడుతుంటే చంకలో చెయ్యి పెట్టు. పొడిగా ఉండి, పేగుల చప్పుడు తగ్గి, మూత్రం బిగిస్తే ఉమ్మెత్త లాంటిది. చంక తడిసి ఉంటే యాంఫిటమిన్, కొకైన్ లాంటి ఉత్తేజకాలు. ల్యాబ్ రిపోర్టు చాలాసేపటికి గానీ చెప్పని సంగతి చంక వెంటనే చెబుతుంది. రెండు మూడు మందులు కలిపి మింగిన మనిషిలో ఈ గుర్తులు కలగాపులగం అవుతాయని కూడా గుర్తుంచుకో.

పురుగుమందు గురించి కొంచెం విపులంగా రాస్తాను. నువ్వు చేతులారా ప్రాణం నిలబెట్టగలిగేదీ, చేతులారా చెడగొట్టగలిగేదీ ఇక్కడే. ఈ మందు కోలినెస్టరేజ్ అనే ఎంజైముని పనిచేయనివ్వదు. దాంతో నరాల సందేశాలు మోసే ఎసిటైల్‌కోలిన్ పేరుకుపోతుంది, ఊపిరితిత్తులు సొంత నీటితోనే నిండిపోతాయి. దీనికి విరుగుడు అట్రోపిన్. అది చేసే అసలు పని ఆ నీటిని ఆరబెట్టడం. పెద్దవాళ్లకి మొదటి డోసు 1.8 నుంచి 3 మిల్లీగ్రాములు, నరంలోకి. 0.6 మిల్లీగ్రాముల ఆంప్యూళ్లయితే మూడు నుంచి ఐదు. ఐదు నిమిషాలు ఆగి చూడు. మెరుగు లేకపోతే డోసు రెట్టింపు చెయ్యి. 3 ఇచ్చావా, తర్వాత 6, ఆ తర్వాత 12. భయపడి ప్రతిసారీ అదే చిన్న డోసు ఇస్తూ పోతే గంటలు గడిచిపోతాయి, ఆలోపు మనిషి పోతాడు.

మరి ఎక్కడ ఆపాలి? స్టెత్ పెట్టి విను. ఛాతీ రెండువైపులా శుభ్రంగా వినిపించాలి, నాడి 80 దాటాలి, పై బీపీ 80 దాటాలి, చంకలు ఆరాలి. కనుపాపల కోసం మాత్రం కాచుకోకు. అవి ఆలస్యంగా విచ్చుకుంటాయి, కంట్లో మందు పడి ఉంటే అసలు మాట వినవు. నాడి 120 ఉంది కదా అని తడి ఛాతీని వదిలేసి అట్రోపిన్ ఆపేవాళ్లున్నారు. అది తప్పు. ఊపిరాడక కూడా నాడి పరుగెడుతుంది. ఇంకొకటి కూడా చూసుకో: గురగుర ఒక్క కుడివైపు అడుగునే వినిపిస్తుంటే అది వాంతి ఊపిరితిత్తిలోకి పోవడం వల్ల కావచ్చు. ఎంత అట్రోపిన్ పోసినా అది ఆరదు.

ఆరిన తర్వాత, అప్పటిదాకా పట్టిన మొత్తంలో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా గంటకి ఎంతవుతుందో లెక్కకట్టి డ్రిప్‌లో పెట్టు. మొత్తం 21 మిల్లీగ్రాములు పడితే గంటకి 2 నుంచి 4. మొదట్లో పావుగంటకొకసారి చూడు. జ్వరం, గందరగోళంగా మాట్లాడటం, పేగుల చప్పుడు లేకపోవడం మొదలైతే అట్రోపిన్ ఎక్కువైనట్టే. డ్రిప్ ఆపి, అరగంటకొకసారి చూస్తూ గుర్తులు తగ్గాక తక్కువ వేగంతో మళ్లీ పెట్టు. మంచానికి కట్టేయాల్సినంత అల్లరి చేస్తున్న పేషెంటు కనిపిస్తే ముందు అట్రోపిన్ డ్రిప్ వైపు చూడు.

ఆ ఎంజైముని మళ్లీ పనిచేయించడానికి ఇచ్చే ప్రాలిడాక్సిమ్ సంగతీ అడిగావు. దాని మీద పరిశోధనల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. మీ యూనిట్ పద్ధతి ప్రకారం ఇస్తే ఇవ్వు. మామూలు లెక్క కిలోకి 30 మిల్లీగ్రాములు, ఆ తర్వాత గంటకి కిలోకి 8. కానీ అట్రోపిన్ తర్వాతే, అదీ 20 నుంచి 30 నిమిషాలు తీసుకుని నెమ్మదిగా. దాని కోసం మందుల షాపుకి మనిషిని పంపి ఎదురుచూస్తూ అట్రోపిన్ ఆలస్యం చేయడం మాత్రం క్షమించరానిది.

ఇంకో మాట. రెండో రోజున పేషెంటు లేచి మాట్లాడుతున్నాడని వార్డుకి పంపేస్తారు. ఆర్గానోఫాస్ఫేట్ తాగిన ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ, భుజాలు, ఊపిరి కండరాలు సడలిపోయే దశ ఒకటుంది. దానికి అట్రోపిన్ పనిచేయదు, వెంటిలేటరే దిక్కు. అందుకని ప్రతి రౌండులో "తల దిండు మీంచి ఎత్తి పట్టుకో" అని అడుగు. నిన్న ఎత్తినవాడు ఇవాళ ఎత్తలేకపోతే, శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) బాగున్నా సరే, అప్పుడే ఐసీయూకి చెప్పు.

మార్ఫిన్ జాతికి నాలోక్సోన్. ఊపిరి ఆగిపోతుంటే సిరంజి కంటే ముందు బ్యాగు, మాస్కు అందుకో. 0.04 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి రెండు మూడు నిమిషాలకొకసారి పెంచుకుంటూ పో. మనిషి తనంతట తాను నిమిషానికి పన్నెండు సార్లు ఊపిరి తీస్తే చాలు. లేచి కూర్చోనక్కర్లేదు. ఒక్కసారిగా లేపితే, అలవాటుపడ్డ శరీరమైతే, వాంతులు, గింజులాట మొదలవుతాయి. నాలోక్సోన్ పనిచేసేది 30 నుంచి 90 నిమిషాలే. అదే జాతికి చెందిన మెథడోన్ లాంటివి అంతకంటే చాలా ఎక్కువసేపు ఉంటాయి. లేచాడు కదా అని పంపిస్తే దారిలో మళ్లీ ఊపిరి ఆగుతుంది.

ఇంతవరకూ చెప్పినవి కళ్లకి కనిపించే విషాలు. నన్ను ఎక్కువ భయపెట్టేవి మాత్రం దాక్కునేవి. పారాసెటమాల్ మింగిన పిల్ల మొదటి రోజు కాస్త వికారం తప్ప ఏమీ లేకుండా కబుర్లు చెబుతుంది. లోపల లివర్‌ని కాపాడే గ్లూటాథయోన్ నిల్వలు అయిపోతుంటాయి. అందుకే మందు మింగి వచ్చిన ప్రతి ఒక్కరికీ, అది మింగలేదని చెప్పినా సరే, పారాసెటమాల్ లెవెల్ పంపు. మింగిన నాలుగు గంటల తర్వాత తీసిన రక్తమే లెక్క. విరుగుడు అవసరమో కాదో తేల్చడానికి 1975లో రూమాక్, మాథ్యూ ఇచ్చిన గీతల పటం మీద దాన్ని పెట్టి చూస్తాం. అయితే ఒకేసారి మింగి, టైము కచ్చితంగా తెలిసినప్పుడే ఆ పటం చెల్లుతుంది. దీని విరుగుడు ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ ఎనిమిది గంటల్లోపు మొదలైతే లివర్ దాదాపు పూర్తిగా దక్కుతుంది. ఆ గడువు దాటేలా ఉంటే రిపోర్టు కోసం ఆగకుండా మొదలుపెట్టు. కిలోకి 150 మిల్లీగ్రాములు గంటలో, 50 నాలుగు గంటల్లో, 100 పదహారు గంటల్లో. మొదటి సీసాలో దద్దుర్లు, దురద, పిల్లికూతలు రావచ్చు. ఆపి, అవిల్ లాంటి అలర్జీ మందు ఇచ్చి, తగ్గాక నెమ్మదిగా మళ్లీ పెట్టు. "ఈమెకి పడదు" అని కేస్‌షీట్‌లో రాసి మానేయకు, లివర్ పోతుంది. 21 గంటలు అయ్యాయి కాబట్టి ఆపడం కాదు, పారాసెటమాల్ రక్తంలో లేదని, లివర్ పరీక్షలు కుదురుతున్నాయని చూసి ఆపు.

కల్తీ సారాలో ఉండే మిథనాల్ కూడా ఇలాగే దాక్కుంటుంది. తాగిన పన్నెండు నుంచి ఇరవైనాలుగు గంటల దాకా మామూలు మత్తులాగే ఉంటుంది. ఆ తర్వాత మనిషి రొప్పుతూ, కళ్ల ముందు తెల్లటి పొగమంచులా ఉందంటూ వస్తాడు. రొప్పుతున్నాడని ఆస్తమా కింద కట్టకు, రక్తంలో ఆమ్లం చూడు. విరుగుడు ఫోమెపిజోల్, మొదటి డోసు కిలోకి 15 మిల్లీగ్రాములు. అది దొరకకపోతే ఇథనాల్, దాంతోపాటు ఫోలినిక్ యాసిడ్, చూపు మసకబారినా ఆమ్లం బాగా పెరిగినా డయాలసిస్. ఒక్కరు ఇలా వస్తే కలిసి తాగిన మిగతావాళ్లెక్కడ అని అడిగి, లక్షణాల్లేకపోయినా పిలిపించు.

కార్బన్ మోనాక్సైడ్ మోసం ఇంకో రకం. వేలికి పెట్టిన క్లిప్పు 99 చూపిస్తూనే ఉంటుంది, ఎందుకంటే కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హీమోగ్లోబిన్‌కీ మంచి హీమోగ్లోబిన్‌కీ ఆ క్లిప్పుకి తేడా తెలియదు. ఒకే గదిలో పడుకున్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వాంతులు అంటే ఆహారం మీదికి పోయేముందు దీన్ని అనుమానించు. మామూలు గాలిలో అది సగం తగ్గడానికి అయిదు గంటల దాకా పడుతుంది. బిగుతైన మాస్కుతో నూరు శాతం ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర.

ఈసీజీ తీయకుండా ఏ విషం కేసునీ వదలకు. డిప్రెషన్‌కి వాడే పాత ట్రైసైక్లిక్ మాత్రలు మింగితే ఈసీజీలో క్యూ.ఆర్.ఎస్. అనే గీత వెడల్పవుతుంది. 100 మిల్లీసెకన్లు దాటితే ఫిట్స్, 160 దాటితే గుండె లయ తప్పే ప్రమాదం. కిలోకి ఒకటి రెండు మిల్లీఈక్వివలెంట్ల సోడియం బైకార్బొనేట్ ఇస్తూ మానిటర్ చూడు. గీత సన్నబడటమే నీ గుర్తు. రక్తం పీహెచ్ 7.55 దాటనివ్వకు. ఇలాంటి మనిషికి నిద్రమాత్రల విరుగుడని ఫ్లుమజెనిల్ ఇస్తే ఆగని ఫిట్స్ తెచ్చిపెట్టినట్టే. అసలు ఆ మందు జోలికి నువ్వు పోకు. నిద్రమాత్రల మత్తులో ఊపిరి చూసుకుంటూ పడుకోనిస్తే చాలు.

మిగతావి క్లుప్తంగా. ఆక్సిజన్ ఎంత పెట్టినా శాచురేషన్ 85 దగ్గరే ఉండి, తీసిన రక్తం చాక్లెట్ రంగులో ఉంటే అది ఆక్సిజన్ మోయలేని మెథెమోగ్లోబిన్, దానికి మెథిలిన్ బ్లూ కిలోకి ఒకటి రెండు మిల్లీగ్రాములు, జీ6పీడీ అనే ఎర్రకణాల ఎంజైము లోపం ఉందేమో అడిగి ఇవ్వు. అగ్నిప్రమాదం పొగలోంచి వచ్చి, బీపీ పడిపోయి, లాక్టేట్ బాగా ఎక్కువుంటే సయనైడ్ అనుకుని హైడ్రాక్సోకోబాలమిన్ 5 గ్రాములు. ఎంత డయజెపాం ఇచ్చినా ఆగని ఫిట్స్ అయితే టీబీ మందు వాడేవాళ్లు ఇంట్లో ఉన్నారా అని అడుగు. ఐసోనియజిడ్ అయితే విరుగుడు పిరిడాక్సిన్, మింగినన్ని గ్రాములూ ఇవ్వాలి, లెక్క తెలియకపోతే 5 గ్రాములు. షుగర్ మాత్ర మింగిన పసివాడిని గ్లూకోజ్ ఎక్కించి ఇంటికి పంపకు, ఒక రోజంతా ఉంచు.

కడుపు కడగడం గురించి గట్టిగా చెబుతున్నాను. యాసిడ్, కిరోసిన్ తాగినవాళ్లకి కడగకూడదు, వాంతి చేయించకూడదు. మిగతావాళ్లకైనా మింగి గంట దాటాక లాభం దాదాపు లేదు. గంటలోపు వచ్చి, పూర్తి స్పృహలో ఉంటే విషాన్ని పట్టుకునే బొగ్గుపొడి, అంటే యాక్టివేటెడ్ చార్‌కోల్, 50 గ్రాములు తాగించు. ఐరన్, లిథియం, ఆల్కహాళ్లకి అదీ పనిచేయదు. కావాలని తాగినవాళ్లకి "మళ్లీ తాగకుండా బుద్ధి వస్తుంది" అని లావుపాటి గొట్టం వేసి కడిగే చోట్లున్నాయి. అది వైద్యం కాదు, శిక్ష. నీ డ్యూటీలో అది జరగనివ్వకు. సీనియర్ నర్సు ఎదురుచెప్పినా సరే, మర్యాదగా, కచ్చితంగా ఆపు.

పారాక్వాట్ అనే కలుపుమందు తాగినవాళ్లకి మాత్రం మన దగ్గర విరుగుడు లేదు. ఆక్సిజన్ కూడా ఆ విషానికి ఊతమిస్తుంది కనుక శాచురేషన్ బాగా పడిపోతే తప్ప పెట్టకు. నొప్పి తగ్గించు, నోటి పుండ్లకి ఉపశమనం ఇవ్వు, ఇంటివాళ్లకి నిజం చెప్పు. స్పృహలో ఉన్న మనిషి ముందు నిలబడి "ఇక లాభం లేదు" అని మాత్రం ఎవరినీ అననివ్వకు.

విషం తాగి వచ్చినవాళ్లు తేరుకున్నాక "నాకేం కాలేదుగా, వెళ్తాను" అంటారు. వాళ్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చో. మళ్లీ చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడుగు. అడిగితే ఆలోచన పుడుతుందన్నది నిజం కాదు, చాలామంది అడిగినందుకే ఏడ్చి తేలికపడతారు. సైకియాట్రిస్ట్ చూడకుండా డిశ్చార్జి రాయకు. ఇంట్లో మిగిలిన మందు, మాత్రలు ఎవరు ఎక్కడికి తీసేస్తారో ఇంటివాళ్లలో ఒకరితో పేరుపెట్టి మాట తీసుకుని, అది కేస్‌షీట్‌లో రాయి.

మొదటి వారం కేసులు చూశాక సందేహాలన్నీ రాసిపెట్టుకుని ఫోన్ చెయ్యి. రాత్రి ఏ టైమైనా ఎత్తుతాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ